నేపాల్ కొండ ఊరికి కుళాయి నీళ్లు: వాలంటీర్‌గా వెళ్లేవాళ్లు ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు

"అన్నా, నాకు రెండు వారాల సెలవుంది, నేపాల్లో ఏదైనా ఊరికి నీళ్లు తెచ్చే పనిలో చేరొచ్చా?" నేను రెండుసార్లు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాసేస్తున్నా.

ముందే ఒక మాట. కందకం తవ్వడానికైతే వెళ్లొద్దు. ఆ ఊళ్లో యాభై దాటిన ఆమె మీకంటే మూడింతలు తవ్వుతుంది, మీరు గునపం పట్టుకుంటే నవ్వుకుంటారు. బయట నుంచి వచ్చినవాడు నిజంగా పనికొచ్చేది రెండు చోట్లే. పని మొదలుపెట్టక ముందు సరిగ్గా కొలవడం, పని అయ్యాక కుళాయిలు ఆగకుండా ఊరివాళ్ల చేత లెక్కలు, మరమ్మతులు అలవాటు చేయించడం. ఫొటోలో పడేది మధ్యలో పైపులేసే పనే కానీ, అది మీరు లేకపోయినా జరుగుతుంది.

ఇది మోటారు లేని పద్ధతి గురించి. ఊరికి పైన కొండలో ఊట ఉంటుంది, అక్కడ చిన్న తొట్టి కట్టి పైపుతో కిందకి దింపి, ఊరి నెత్తిన ట్యాంకులో నింపి, అక్కడి నుంచి వీధి కుళాయిలకు ఇస్తారు. కరెంటు బిల్లు లేదు. మనం నల్లా అంటాం, కుళాయి అంటాం, వాళ్లు ధారా అంటారు. ఊట ఉన్న చోటు ముహాన్, తాగునీరు ఖానేపానీ. ఈ మూడు మాటలు వస్తే సగం మీటింగు అర్థమవుతుంది. శ్రమదానాన్ని వాళ్లూ శ్రమదాన్ అనే అంటారు.

వెళ్లే ముందు ఉండాల్సినవి

కాగితాలు: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చేతిలో ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు ఆధార్‌ను నమ్ముకోవద్దు. అమెరికా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్లు మాత్రం జాగ్రత్త. టూరిస్టు వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు. విదేశీ సంస్థలు సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్ ద్వారా అనుమతి తెచ్చుకోవాలి, మిమ్మల్ని పిలిచే సంస్థకు అది ఉందో లేదో రాతలో అడగండి.

వస్తువులు: 20 లీటర్ల గీతలున్న బకెట్, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్, 50 మీటర్ల టేపు, మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక ట్యూబు ఒక 15 మీటర్లు, తడవని నోటుబుక్కు, పెన్సిల్ (పెన్ను చలికి, తడికి మొండికేస్తుంది), నీటి పరీక్షకు హెచ్‌టుఎస్ సీసాలు, క్లోరిన్ చూసే కిట్టు.

ఒంటికి: టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ధనుర్వాతం టీకాలు. ఊరు 2,500 మీటర్లు దాటి ఉంటే ఎక్కేటప్పుడు ఒకటి రెండు రోజులు ఆగుతూ వెళ్లండి. మోకాళ్లు ఎలా ఉన్నాయో మీకే తెలుసు.

సమయం: రెండు వారాలు చాలవు. మూడు వారాల చొప్పున రెండుసార్లు వెళ్లగలిగితే, ఒకేసారి రెండు నెలలుండటం కంటే మేలు. ఎందుకో కిందకొచ్చేసరికి తెలుస్తుంది.

1. సంస్థను ఎంచుకోవడం

డబ్బు కట్టించుకుని "వాలంటీర్ ప్యాకేజీ" అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మొదటిసారి తగిలింది అలాంటి వాళ్లే, పేరు చెప్పను. ఊళ్లో ట్యాంకు అప్పటికే ఉంది, ప్రతి బ్యాచికీ దానికే రంగు వేయిస్తున్నారు. నేను వేసింది ఎన్నో పూతో లెక్కపెట్టలేదు.

అడగాల్సినవి నాలుగే. గతంలో మీరు కట్టిన పథకాల్లో అయిదేళ్లు దాటినవి ఎన్ని, వాటిలో ఒకదానికి వెళ్లి చూడొచ్చా? ఊరి ఉపభోక్తా సమితి, అంటే నీళ్లు వాడుకునేవాళ్ల సంఘం, ఏర్పడిందా? గావ్‌పాలికా, అంటే అక్కడి గ్రామ పురపాలక సంస్థ, ఒప్పుకుందా? నేను కట్టే డబ్బులో పైపులకు ఎంత, మీ ఆఫీసుకు ఎంత? మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే వదిలేయండి.

నేపాల్ వాటర్ ఫర్ హెల్త్ లాంటి స్థానిక సంస్థలు 1992 నుంచి ఈ పనిలో ఉన్నాయి. వాళ్లు వాలంటీర్ల కోసం కాచుక్కూర్చోరు. సర్వే చేయగలను, నీటి పరీక్ష చేయగలను, నేపాలీ కొంచెం వచ్చు అని స్పష్టంగా రాస్తే జవాబు వచ్చే అవకాశం ఉంటుంది. అమెరికాలో చదువుకునే పిల్లలైతే మీ యూనివర్సిటీలో ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ శాఖ ఉందేమో చూడండి. 2002లో మొదలైన ఈ సంస్థ పద్ధతి ఒక ఊరితో కనీసం 5 ఏళ్లు ఉండటం. ఏ దేశంలో పని వస్తుందో మీ చేతిలో ఉండదు గానీ పని నేర్చుకోవడానికి మంచి దారి.

2. ఎప్పుడు వెళ్లాలి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కొండచరియలు, జలగలు. పైగా ఆషాఢంలో వరి నాట్లు, ఒక్క మనిషి దొరకడు. ఆ తర్వాత దసరా, వాళ్ల దశైఁ, ఊరంతా ఇళ్లలోనే ఉంటుంది కానీ పనికి రారు, రావాలనుకోవడం కూడా తప్పు. పైపులేసే కాలం నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా.

కొలిచే కాలం మాత్రం వేరు. వాళ్ల చైత్, వైశాఖ్, అంటే మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా. (ఇది మన ఉగాది చైత్రం కాదు, వాళ్లవి సౌర మాసాలు, కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో వస్తుంది. సమితి మినిట్స్ అన్నీ విక్రమ సంవత్సరంలో రాస్తారు, మన లెక్కకు సుమారు 57 కలపాలి. తేదీలు రెండు లెక్కల్లోనూ రాసుకోండి.) అందుకే రెండుసార్లు వెళ్లమన్నది. ఎండాకాలం ఒకసారి కొలతకు, తర్వాతి చలికాలం పనికి.

3. ఊటను కొలవడం (ఇక్కడ తొందరపడొద్దు)

ఊట నీళ్లన్నీ ఒకే ధారగా పడేలా మట్టితో, ఆకు డొప్పతోనో పైపు ముక్కతోనో దారి కట్టండి. కింద బకెట్ పెట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. అయిదుసార్లు చేసి సగటు తీయండి. 20 లీటర్లు 100 సెకన్లలో నిండితే సెకనుకు 0.2 లీటరు. రోజుకు 17,280 లీటర్లు.

ఇప్పుడు అవసరం. 50 ఇళ్లు, ఇంటికి అయిదుగురు, 250 మంది. రాబోయే ఏళ్లకు కొంచెం కలిపి 300 అనుకోండి. నేపాల్ పల్లెల్లో మనిషికి రోజుకు 45 లీటర్ల లెక్క వాడతారు (మన జల్ జీవన్ మిషన్‌లో 55, మిషన్ భగీరథలో 100). 300ను 45తో గుణిస్తే 13,500 లీటర్లు. ఊట 17,280 ఇస్తోంది, సరిపోతుంది.

జనాన్ని లెక్కపెట్టేటప్పుడు "ఇంట్లో ఎంతమంది" అని అడిగితే ఇప్పుడున్న వాళ్లనే చెప్తారు. గల్ఫ్‌కి, మలేసియాకి వెళ్లిన మగపిల్లల్ని వదిలేస్తారు. మన కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దశైఁకి అందరూ వచ్చినప్పుడు ఎంతమంది అని కూడా అడగండి. పశువులనీ అడగండి, గేదె తాగే నీళ్లు మనిషి లెక్కలో రావు.

నా తప్పు చెప్తా. రెండోసారి వెళ్లినప్పుడు నేను అక్టోబరులో కొలిచాను. వానలు వెళ్లి రెండు వారాలు, ఊట బొబ్బరిస్తోంది, సెకనుకు 0.5 లీటరు. మురిసిపోయి ట్యాంకు స్థలం కూడా గుర్తుపెట్టాం. ఒక ముసలమ్మ పక్కన నిలబడి "చైత్‌లో రా బాబూ" అంది, నేను తలూపి ఊరుకున్నాను. ఏప్రిల్‌లో సమితి కార్యదర్శి అదే బకెట్‌తో కొలిచి ఫోన్ చేశాడు, 0.15 కూడా లేదు. కుళాయిలు సగానికి తగ్గించి, మరో చిన్న ఊటను కలిపి మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది.

ఎండాకాలం వెళ్లే వీలు లేకపోతే: ఊరి మనిషికి బకెట్ ఇచ్చి, నెలకోసారి కొలిచి రాయమనండి. గాగ్రీ (నీళ్ల బిందె) మోసే ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి, ఎండల్లో ఒక బిందె నిండటానికి ఎంతసేపు వరుసలో నిలబడతారో అడగండి. వాళ్లు చెప్పేది మగవాళ్ల అంచనాల కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే నిలబడేది వాళ్లే.

ఇంకొకటి. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత చాలా చోట్ల ఊటలు ఎండిపోయాయి, కొన్ని పక్కకి జరిగాయి. పాత సర్వే కాగితం చూపిస్తే నమ్మకండి, మళ్లీ కొలవండి.

4. ఊట ఎవరిది?

ఊట ఒక ఊరికి పైన ఉంటుంది, ఇంకో ఊరి పొలాన్ని తడుపుతుంటుంది. నేపాల్ 1992 జలవనరుల చట్టంలో తాగునీటికే మొదటి ప్రాధాన్యం, సాగు తర్వాతే. చట్టం మీ వైపు ఉన్నా, రాత్రిపూట పైపు కోసేవాడికి అది తెలియక్కర్లేదు కదా. కింద పొలం ఉన్న రైతుతో, పై ఊరి పెద్దలతో కూర్చుని, మిగులు నీళ్లు ఎటు వదలాలో తేల్చి, సంతకాలు తీసుకుని, వార్డు ఆఫీసులో ఒక కాపీ పెట్టించండి. ఈ మాటలు మీరు మాట్లాడొద్దు, సమితి మాట్లాడాలి. మీరు టీ తాగుతూ పక్కన కూర్చోండి.

5. ఎత్తులు చూడటం

ఫోన్ జీపీఎస్ ఎత్తును నమ్మొద్దు. పది, ఇరవై మీటర్లు తేడా చూపిస్తుంది, లోయల్లో ఇంకా ఘోరం. ఇద్దరు మనుషులు, రెండు కొలకర్రలు, నీళ్లు నింపిన ట్యూబు ఉంటే ఊట నుంచి ఊరి దాకా మెట్టుమెట్టుగా దిగుతూ రాసుకోవచ్చు. విసుగు పని. ట్యూబులో గాలి బుడగ ఉంటే కొలత తప్పు, ప్రతిసారీ చూసుకోండి. కిందకి ఒకసారి కొలిచాక, తిరిగి పైకి కొలుస్తూ వెళ్లండి. రెండు లెక్కలూ మీటరు అటూ ఇటూగా కలిస్తే సరే, లేకపోతే మర్నాడు మళ్లీ.

6. పైపు సైజు, ఒత్తిడి

థియరీ ఇంతే: 10 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 1 బార్ ఒత్తిడి. పీఎన్6 అని రాసిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు 60 మీటర్ల ఎత్తు దాకా తట్టుకుంటుంది, నేనైతే 50 దాటనివ్వను. అంతకంటే ఎత్తు ఉంటే మధ్యలో ఒత్తిడి తెంచే తొట్టి కట్టాలి. నీళ్లు అందులో గాలిలోకి పడి, ఒత్తిడి సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. అక్కడ దాన్ని బీపీటీ అంటారు.

పైపు పగిలేది పగలు కాదు, రాత్రి. అందరూ కుళాయిలు కట్టేసి పడుకున్నప్పుడు నీళ్లు కదలవు, ఎత్తు మొత్తం పైపు మీద పడుతుంది. లెక్క ఎప్పుడూ రాత్రికే వేయండి.

సైజు తగ్గించి డబ్బు మిగల్చాలని చూస్తారు. సెకనుకు 0.2 లీటరు నీళ్లు 20 మి.మీ. పైపులో పోతే వంద మీటర్లకు సుమారు 9 మీటర్ల ఎత్తును రాపిడి తినేస్తుంది. అవే నీళ్లు 32 మి.మీ. పైపులో మీటరు కూడా తినవు. కొండ వాలు తక్కువ ఉన్న చోట ఈ తేడానే నీళ్లు రావడం, రాకపోవడం.

ట్యాంకు పైన, ట్యాంకు కింద లెక్కలు వేరు. పైన ఊట ఇచ్చినంతే, 0.2. కింద మాత్రం పొద్దున్నే ఎనిమిది కుళాయిలూ ఒకేసారి తిప్పుతారు, ఒక్కోటి 0.15 అనుకున్నా 1.2 లీటర్లు. కాబట్టి కింద పైపు లావుగా ఉండాలి. రెండు వైపులా ఒకే సైజు కొనేసి, పై కుళాయి వాళ్లు నింపుకునేదాకా కింది వాళ్లు ఖాళీ బిందెలతో కూర్చునే ఊళ్లున్నాయి.

ట్యాంకు ఎంత? రాత్రి 8 నుంచి తెల్లవారి 5 దాకా ఊట ఇచ్చేది పట్టాలి. మన ఉదాహరణలో 6,480 లీటర్లు, అంటే 7 వేల లీటర్ల ట్యాంకు. పేరు కోసం 20 వేలది కడతామంటారు, అది నిండిన రోజు నాకు చూపించండి.

7. కట్టడం

సమితి, మేస్త్రీ చేసే పని ఇది. మీరు చూడాల్సినవి:

- ఊట దగ్గర తొట్టి కట్టేటప్పుడు ఊట కన్నును తవ్వి కెలకొద్దు. తొట్టిలో నీటి మట్టం ఊట సహజ మట్టం కంటే పైకి ఎక్కనివ్వొద్దు. ఎక్కిస్తే నీళ్లు వెనక్కి ఒత్తుకుని కొండలో ఇంకో దారి వెతుక్కుంటాయి, అలా పోయిన ఊట మళ్లీ రాదు.
- తొట్టి పైన మేకలు, మరుగుదొడ్లు లేకుండా కంచె, వాన నీళ్లు పక్కకు పోయే కాలువ.
- పైపు మూడడుగుల లోతులో ఉండాలి. బండ వచ్చిందని పైనే వదిలేస్తే ఎండకి పెళుసెక్కుతుంది, కంచర గాడిదలు తొక్కుతాయి. బండ మీద, వాగు దాటే చోట జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేయండి.
- హెచ్‌డీపీఈ అతుకులు వేడి ప్లేటుతో వేస్తారు. గాలి, దుమ్ము ఉంటే అతుకు నిలవదు, గొడుగో గోనెపట్టో అడ్డం పెట్టాలి. అతికాక చల్లారాలని నీళ్లు పోయొద్దు, దానంతట అది చల్లారాలి. అతుకు చుట్టూ ఉబ్బు అన్ని వైపులా సమానంగా ఉందా చూడండి. అనుమానం ఉంటే కోసి మళ్లీ.
- పైపు దారిలో ఎక్కడైనా లేచి మళ్లీ దిగితే, ఆ మిట్ట మీద గాలి చిక్కుకుంటుంది. అక్కడ ఎయిర్ వాల్వు, పల్లంలో బురద వదిలే వాల్వు.
- సిమెంటు బస్తాలు మనుషులే మోస్తారు. నేల మీద పెట్టకుండా చెక్కల మీద పెట్టించండి, గట్టి ఉండలు కట్టిన బస్తాను ట్యాంకుకు వాడనివ్వొద్దు.

పైపులు పూడ్చక ముందు, మళ్లీ చెప్తున్నా పూడ్చక ముందు, నీళ్లు వదిలి కింద వాల్వు కట్టేసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున కందకం వెంట నడవండి. తడి ఉన్న చోట అతుకు తప్పింది. పండగ లోపు ప్రారంభోత్సవం అని తొందరపెట్టి పూడ్చేస్తే, లీకు కోసం మళ్లీ రెండు కిలోమీటర్లు తవ్వుకోవాలి.

పైన నీళ్లు పోతున్నాయి, కింద చుక్క రావట్లేదు, లీకు కూడా లేదు. ఇలా అయితే గాలే. వాల్వులన్నీ తెరిచి, పైన నీళ్లు సగమే వదిలి నెమ్మదిగా నింపండి.

8. నీళ్లు మంచివేనా

తేటగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి కాబట్టి మంచివే అంటారు. నల్గొండ వాళ్లకు ఈ మాట ఎంత మోసమో చెప్పక్కర్లేదు. కొండ ఊటల్లో మామూలుగా భయం ఫ్లోరైడ్ కాదు, మలం నుంచి వచ్చే క్రిములు. హెచ్‌టుఎస్ సీసాలో నీళ్లు నింపి నీడలో, చల్లబడని చోట ఉంచండి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే కలుషితమే. ఊట దగ్గర ఒకటి, ట్యాంకులో ఒకటి, చివరి కుళాయిలో ఒకటి, ఇంట్లో బిందెలో ఒకటి పట్టండి. కుళాయిలో బాగుండి బిందెలో నల్లబడితే తప్పు పైపుది కాదు, బిందె కడగడం, చెయ్యి ముంచడం.

కొత్త ట్యాంకును కడిగి, లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ అయ్యేలా బ్లీచింగ్ పౌడర్ కలపాలి. 7 వేల లీటర్లకు తాజా పౌడర్ కిలోకు కాస్త పైన పడుతుంది, మూత తీసి నెలలు గడిచిన పౌడరైతే లెక్క పనికిరాదు. ఒక రోజు ఉంచి వదిలేయండి. ముందురోజే ఇంటింటికీ వెళ్లి తాగొద్దని చెప్పించండి, ఆ నీళ్లు చేపలున్న వాగులోకీ పంటలోకీ వదలొద్దు. రోజువారీ క్లోరిన్ వేసే ఏర్పాటుంటే కుళాయి దగ్గర 0.2 నుంచి 0.5 మి.గ్రా. చూపించాలి.

9. చివరి కుళాయి ఎవరి వాడలో ఉంది?

ఊరి పటం ముందేసుకుని ఇది చూడండి. చాలాసార్లు దళిత వాడ కింది కొసన ఉంటుంది, నీళ్లు తక్కువైనప్పుడు మొదట ఎండేది అక్కడే. మన ఊళ్ల బావుల కథలు తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. "అందరూ ఒకే కుళాయి దగ్గర పట్టుకుంటారు, మా ఊళ్లో అలాంటివి లేవు" అని సమితి అధ్యక్షుడు చెప్తే, పొద్దున ఆరింటికి వెళ్లి వరుస చూడండి. సమితిలో మూడో వంతు మహిళలు ఉండాలన్న నిబంధన ఉంది. పేరుకి ఉన్నారా, మాట్లాడుతున్నారా అన్నది కూడా ఆ వరుసలోనే తెలుస్తుంది.

10. మీరు వచ్చేసే ముందు

పైపు చూసుకునే మనిషి ఒకరు కావాలి, జీతంతో. ఉచితంగా చేస్తాననేవాడు దోహాకి వీసా రాగానే వెళ్లిపోతాడు. ఇంటికి నెలకు వంద నేపాలీ రూపాయలంటే 50 ఇళ్లకు అయిదు వేలు. ఎంత అన్నది ఊరివాళ్లే తేల్చుకోవాలి, కానీ కుళాయి తిప్పే రోజుకి ముందే రెండు నెలల వసూలు జరిగి ఉండాలి. నీళ్లొచ్చాక వసూలు మొదలుపెడదాం అంటే మొదలవదు.

ఆ మనిషి చేత మీ ముందే ఒక పైపు కోయించి, అతికించండి. వాల్వు విప్పించి బిగించండి. మీరు చేసి చూపిస్తే తలూపుతాడు, వాడు చేస్తేనే వచ్చినట్టు. వేడి ప్లేటు, స్పానర్లు, పది వాషర్లు, రెండు కుళాయిలు, కొంచెం పైపు ఊళ్లోనే తాళం వేసి ఉంచండి, తాళం చెవి ఇద్దరి దగ్గర. ఖాట్మండూ ఆఫీసులో ఉన్న స్పానరు ఊళ్లో లీకుకి పనికిరాదు.

వచ్చేశాక ప్రతి ఏడాదీ చైత్ నెలలో ఫోన్ చేయండి. "నీళ్లొస్తున్నాయా దాజూ (అన్నా)" అని అడిగితే మర్యాదకి వస్తున్నాయనే అంటారు. అలా కాదు, చివరి ధారాలో 20 లీటర్ల బకెట్ ఇవాళ ఎన్ని సెకన్లలో నిండిందో అడగండి. 130 దగ్గర ఉంటే బాగున్నట్టే. 200 దాటితే ముందు ఊట తొట్టిలో జల్లెడకి ఆకులు పట్టాయేమో చూడమనండి, తర్వాత పల్లం వాల్వు తెరిచి బురద వదలమనండి. అప్పటికీ తగ్గకపోతే ఊట దగ్గరే మళ్లీ బకెట్ పెట్టి కొలిచి చెప్పమనండి.